చేర్చుకొను

పావగడలో ఒక మాటను రెండుసార్లు వినడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ కలిపి. పక్కింటి పిల్లోడికి హాస్టల్లో సీటు దొరికిందా అని అడిగితే అవ్వ “చేర్సుకొనిరంట” అంటుంది. అదే వాకిట్లో నిలబడిన మేష్టరు “సేర్స్కొండ్రంతె” అంటాడు. ఇద్దరూ ఒకే కబురు చెప్పినారు, దాదాపు ఒకే మాటతో చెప్పినారు. మొదటి అక్షరం దగ్గర నాలుక అంగిటికి తగిలితే తెలుగు, తగలకుండా జారితే కన్నడం. మూడు పక్కలా ఆంధ్ర ఉన్న కర్ణాటక తాలూకాలో పుట్టినవాడికి నిఘంటువు ఖర్చు కొంత మిగులుతుంది.

ఈ మాట వెంట నేను పడడానికి కారణం ఒక బోర్డు. సరిహద్దుకు అవతల, హిందూపురం దిక్కు, సి.ఎస్‌.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో పనిచేసే ఒక అయ్యగారు నాకు తెలుసు. ఒక రోజు ఫోన్‌ చేసి, “అన్నా, గుడి వాకిట్లో బోర్డు పెట్టాలనుకుంటున్నాం, కొత్తగా వచ్చేవాళ్ళ కోసం. స్వాగతం అని రాయడానికి మనసొప్పడం లేదు. కల్యాణ మంటపం ముందర అదే, లీడర్ల ఫ్లెక్సీల మీదా అదే. ఇంకో మాట ఏదన్నా చెప్పు” అన్నాడు. అమెరికాలో ఉన్న చుట్టం ఎవరో ఆయనకు ఒక ఫొటో పంపినారట. రోడ్డు పక్కన చిన్న రేకు బోర్డు, ‘ఎపిస్కోపల్‌ చర్చి మీకు స్వాగతం పలుకుతోంది’ అని. ఆ దేశంలో చాలా ఊళ్ళ పొలిమేరల్లో కనిపించే పాత బోర్డు అది. ఆ చర్చికీ మన సి.ఎస్‌.ఐ.కీ చుట్టరికం ఉంది, రెండూ ఆంగ్లికన్‌ కుటుంబంలోవే. ఆ చుట్టరికం కొద్దీ అయ్యగారికి కూడా ఒక బోర్డు మీద ఆశ పుట్టింది.

స్వాగతం మీద ఆయన విసుగు నాకు నచ్చింది. విడగొట్టి చూస్తే సు, ఆగతం. బాగా వచ్చినావు అని. ఆ మాటలో పనంతా వచ్చినవాడిదే, అదీ అప్పటికే అయిపోయిన పని. చెప్పేవాడు కుర్చీలోంచి లేవాల్సిన అవసరం కూడా లేదు. ఇంగ్లీషువాళ్ళ వెల్‌కమ్‌ కూడా పాతకాలంలో వచ్చినవాడి పేరే, రాక సంతోషం కలిగించే అతిథి అని అర్థం. రెండు భాషల్లోనూ గడప దగ్గర నిలబడి వచ్చినవాడిని మెచ్చుకోవడమే జరుగుతుంది. గడప దాటినాక అతను ఏమవుతాడన్నది ఆ మాటల బాధ్యత కాదు.

తెలుగులో ఆ బాధ్యత తీసుకున్న మాట వేరే ఉంది, మూడు మెట్ల మాట. చేరు. చేర్చు. చేర్చుకొను.

చేరు మొదటి మెట్టు. ఊరు చేరినాడు, ఒడ్డు చేరినాడు, కాలేజీలో చేరినాడు. చేరేవాడు చేరుతాడు, అక్కడ ఇంకొకరు ఉన్నారా లేదా అని క్రియకు పట్టదు. రెండో మెట్టు చేర్చు. ఈ ‘చు’ తగిలినప్పుడు క్రియలోకి ఇంకొక మనిషి వస్తాడు. బిడ్డను బడిలో చేర్చినాం, ముసలాయన్ను ఆసుపత్రిలో చేర్చినాం. చేర్చేవాడు ఒకడు, చేరేది ఇంకొకడు. కానీ చేర్చినవాడు బడిలో ఉండడు, ఆసుపత్రిలో పడుకోడు. అప్పగించి ఇంటికి పోతాడు. మూడో మెట్టు దగ్గర కథ మారుతుంది. తండ్రి బిడ్డను బడిలో చేరుస్తాడు, హెడ్‌మాస్టరు చేర్చుకుంటాడు. ఇక ఆ బిడ్డ అల్లరి, ఆ బిడ్డ మార్కులు, మధ్యాహ్నం ఆ బిడ్డకు పెట్టే అన్నం, అన్నీ చేర్చుకున్నవాడి ఖాతాలో పడతాయి. ‘కొను’ చేసిన పని అది. వ్యాకరణం చదివినవాళ్ళు దాన్ని ఆత్మార్థకం అంటారు. పని ఫలం చేసినవాడి మీదికే తిరిగి వస్తుందని.

కొను అంటే ఈ రోజు దుడ్డిచ్చి కొనడం. పాత తెలుగులో తీసుకోవడం, పట్టడం, పొందడం. కన్నడంలో కొళ్ళు, తమిళంలో కొళ్‌, మూడూ ఒక తల్లి బిడ్డలు, మూడూ ఇంకో క్రియ తోక పట్టుకుని ‘తనకోసం’ అనే పని చేస్తాయి. చేర్చుకోవడంలో కొనడం ఉంది, కొనడమంటే వెల కట్టాలి కదా అని ప్రసంగం చేసేవాడికి నోరూరుతుంది. అది నిలవదు. తీసుకోవడమే ముందు, అంగడి తర్వాత వచ్చింది. సహాయక క్రియగా కుదురుకున్న కొనుకు దుడ్డు సంచితో పని లేదు.

ప్రసంగాలకు అక్కరకొచ్చే ఇంకో మోసం కూడా ఉంది. చేయి, చేరు. రెండింటికీ ‘చే’ ఉంది కాబట్టి చేయి పట్టి లోపలికి తెచ్చుకోవడమే చేర్చుకోవడం అని ఎవరైనా చెబితే వినడానికి బాగుంటుంది. పావగడ పిల్లోడు మాత్రం నమ్మడు. వాడికి చేతికి కన్నడం కై, చేరుకు కన్నడం సేరు అని తెలుసు. ఒక చోట ‘క’, ఒక చోట ‘స’. తెలుగు ‘చ’ వెనక రెండు వేర్వేరు మూలాలు దాక్కుని ఉన్నాయి. చెవి కన్నడంలో కివి, చెరువు కెరె, చెడు కెడు. ఇవన్నీ ఒకప్పుడు ‘క’తో మొదలై, ఇ, ఎ అచ్చుల పక్కన తెలుగులో మెత్తబడి ‘చ’ అయినవి. చేయి ఆ మంద లోనిది. చేరు అసలు నుంచీ ‘చ’ వంశం. తమిళుడు సేర్‌ అని పలికి చ రాస్తాడు, కన్నడిగుడు స పలికి స రాస్తాడు. బరో, ఎమెనోలు 1961లో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వేసి ఈ వంశవృక్షాలన్నీ ఒక చోట పెట్టినారు. అదే ఏడాది భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు క్రియా ధాతువుల మీద పుస్తకం తెచ్చినారు. ఆ రెండు పుస్తకాలు చూడకముందే మా తాలూకాలో కూరగాయలమ్మే ఆమె కై వేరు సేరు వేరు అని రోజూ నిరూపిస్తూ ఉండింది.

ఇంకొక మాట కూడా ఇక్కడ తేల్చుకోవాలి, ఎందుకంటే దానికి చర్చి చరిత్రతో నేరుగా సంబంధం ఉంది. తమిళంలో సేరి అంటే పల్లె, వాడ, ముఖ్యంగా ఊరికి అవతల దళితులుండే వాడ. నలుగురు చేరి ఉండే చోటు కాబట్టి సేరి అని చెప్పుకోవడం తేలిక. మళ్ళీ కన్నడమే అడ్డం వస్తుంది. కన్నడంలో వీధికి, వాడకు కేరి అంటారు. కాబట్టి సేరి ‘క’ మంద లోనిది, చేరుకు ఏమీ కాదు. మన రాయలసీమలో గేరి అంటాం. బోయగేరి, మాలగేరి, మాదిగగేరి. నియమం ప్రకారం తెలుగులో అది చేరి కావాల్సింది. గేరిగా నిలిచిందంటే కన్నడం దిక్కు నుంచి మనకు దిగుమతి అయి ఉంటుందని నా ఊహ. చేరికకూ గేరికీ రక్త సంబంధం లేదని భాషాశాస్త్రం తేల్చింది, ఊళ్ళు కూడా అదే తేల్చినాయి. గేరిలో ఉన్నవాడిని ఊరు చేర్చుకోలేదు.

చేర్చుకొను మన నోట ఎక్కువగా పలికేది లేదు అనే తోకతోనే. చెవి పెట్టి వినండి. అత్తగారింట్లో చేర్చుకోలేదు. కులంలో చేర్చుకోలేదు. బెడ్డు లేదని ఆసుపత్రిలో చేర్చుకోలేదు. గడువు దాటిందని కాలేజీలో చేర్చుకోలేదు. చేర్చుకున్నప్పుడు ఎవరూ దాన్ని వార్తగా చెప్పరు, అన్నం ఉడికిందని వీధిలోకి వచ్చి చెప్పనట్టే.

దీని పక్కన చేరదీయు అని ఒక అక్క ఉంది. అనాథను చేరదీసినారు, దిక్కులేని వాణ్ణి చేరదీసినారు. మంచి మాటే, కానీ చేరదీసేవాడు ఎప్పుడూ ఒక మెట్టు పైనే నిలబడి ఉంటాడు. మన సీమలో మిషన్ల చరిత్ర చాలా మటుకు ఈ క్రియతోనే మొదలైంది. 1876 నుంచి 78 దాకా నడిచిన ధాత కరువులో మైసూరు సంస్థానం జనంలో దాదాపు ఐదోవంతు పోయినారు. బళ్ళారి, అనంతపురం, కడప దిక్కు కూడా అదే గతి. గంజి కేంద్రాలు, అనాథాశ్రమాలు, ఆ తర్వాత బాప్తిస్మాలు. గంజి కోసం కలిసినారని ఎగతాళి చేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆకలితో ఉన్నవాడికి ఊళ్ళో ఇంకెవరు గంజి పోసినారని వాళ్ళను ఎవరూ అడగరు. అది అలా ఉంచి, మాట దగ్గరికి వస్తే, చేరదీయడం నుంచి చేర్చుకోవడం దాకా ఉన్న దూరం మిషన్లకు కూడా పెద్ద దూరమే అయింది.

ఆ దూరాన్ని కొలిచి చెప్పిన మనిషి ఒకాయన ఉన్నాడు, వేదనాయకం శామ్యూల్‌ అజరయ్య. తిరునెల్వేలి జిల్లా వెళ్ళాలన్‌విళైలో 1874లో పుట్టిన తమిళుడు. తిరునెల్వేలి క్రైస్తవులు తమ దుడ్డుతో తామే పెట్టుకున్న మిషనరీ సంఘం తరఫున నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. అంటే తెలుగు నేలకు తనే కొత్తవాడు. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ తెల్లవాళ్ళ మధ్య నిలబడి ముప్పై ఐదేళ్ళ ఈ మనిషి చెప్పింది ఏమిటంటే, మీరు మాకోసం ఆస్తులిచ్చినారు, ప్రాణాలిచ్చినారు, అందుకు కృతజ్ఞులం, ఇక స్నేహితులను కూడా ఇవ్వండి అని. ఏళ్ళ తరబడి పక్కపక్కన పనిచేసినా దేశీయుణ్ణి భోజనానికి పిలవని దొరల సంగతి ఆ సభకే తెలుసు. కొందరు నొచ్చుకున్నారు. నా లెక్కలో ఆ ప్రసంగం మొత్తం ఒక ప్రత్యయం గురించి. మమ్మల్ని చేర్చినారు, చేర్చుకోలేదు అని. తమిళంలో ఆలోచించి ఉంటే సేర్త్తుక్కొళ్‌ అనే అనుకుని ఉంటాడు. ఆయన మాట్లాడిన ఇంగ్లీషులో ఆ తేడాను ఒక్క క్రియలో పెట్టడానికి వీలు లేదు, అందుకే స్నేహితులు అనే నామవాచకం వెతుక్కోవాల్సి వచ్చిందేమో.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన దోర్నకల్‌ బిషప్పు అయినాడు. ఆంగ్లికన్‌ చర్చిలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు. తన డయోసిస్‌లో ఆయన పెట్టిన ఒక పద్ధతి నాకు చాలా ఇష్టం. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ళ చేత వాళ్ళ చేతులు వాళ్ళ తల మీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని అనిపించేవాడు. నిన్నటి దాకా బయట ఉన్నవాడు ఈ రోజు లోపలికి రాగానే, రేపు వచ్చేవాణ్ణి చేర్చుకునే పని వాడిదే. మాల, మాదిగ అని రెండు గేరులుగా ఉన్న పల్లెల్లో ఇది మాటల్లో చెప్పినంత సులువు కాదు. ఒక గేరి ముందు కలిసిన చోట రెండో గేరి వెనకాడింది, ఇది తెలుగు క్రైస్తవ చరిత్ర అంతటా ఉన్న సంగతే. చేర్చుకోనివాళ్ళ చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్ళు తాము చేర్చుకోవాల్సి వచ్చినప్పుడు ఆగి చూసినారు. దోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథీడ్రల్‌ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. ఆ రోజు ఎపిఫనీ పండుగ, తూర్పు దేశపు జ్ఞానులు పరాయి ఊరొచ్చి పసిబిడ్డను చూసిన రోజు. గుడికి పేరు కూడా ఆ పండుగదే. కొత్తవాళ్ళ పండుగ అన్నమాట.

ఇక సభ్యత్వం అనే మాట. అది ఆఫీసు మాట. సభలో కూర్చునే అర్హత ఉన్నవాడు సభ్యుడు. ఇంగ్లీషు మెంబర్‌కు మూలమైన లాటిన్‌ మాటకు కాలో చెయ్యో అని అర్థం, శరీరంలో ఒక భాగం. తెలుగు బైబిల్లో పౌలు సంఘాన్ని శరీరంతో పోల్చే చోట అవయవములు అని వేసినారు, సంఘం రిజిస్టర్లో మాత్రం సభ్యులు అని రాస్తారు. ఒక ఇంగ్లీషు మాట మన దగ్గరికొచ్చి రెండు ముక్కలై, నెత్తురున్న ముక్క గ్రంథంలోకీ, కుర్చీ ఉన్న ముక్క పుస్తకాల బీరువాలోకీ పోయింది. సంఘం అనే మాటకు మా తాలూకాలో ఇంకో చిక్కు. ఈ రోజుల్లో సంఘం అంటే ముందు గుర్తొచ్చేది ఆడవాళ్ళ పొదుపు సంఘం. “సంఘంలో చేరినావా?” అని ఒకామె అడిగితే అది ఆదివారం సంగతో, వారం వారం కట్టే కంతు సంగతో ముఖం చూసి కనిపెట్టాలి.

సి.ఎస్‌.ఐ.లో ఈ చేరిక మూడు దారుల్లో వచ్చి ఒక చోట కలిసింది. మిషన్లు పనిచేసే హద్దులు చాలా చోట్ల సర్కారు హద్దులనే పట్టి పోయినాయి. తుమకూరు దిక్కు మైసూరు సంస్థానం, అక్కడ వెస్లియన్‌ మెథడిస్టులు. గుత్తి, అనంతపురం, కడప, బళ్ళారి దిక్కు లండన్‌ మిషన్‌. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు దిక్కు ఆంగ్లికన్లు. లండన్‌ మిషన్‌ వాళ్ళది ఎక్కువగా కాంగ్రిగేషనల్‌ దారి. కొత్తవాణ్ణి తీసుకోవాలా వద్దా అన్నది సంఘం కూడి తేల్చుకుంటుంది. అక్కడ చేర్చుకొను క్రియకు కర్త జనం. వెస్లీ దారిలో చిన్న చిన్న క్లాసులు, కొన్నాళ్ళు పరీక్ష మీద ఉంచడం, మూడు నెలలకొకసారి టికెట్టు. అక్కడ చేరడం అయిపోయే పని కాదు, మూడు నెలలకోసారి మళ్ళీ చేరాలి. ఆంగ్లికన్‌ దారిలో హద్దు గీసిన పారిష్‌ ఉంటుంది. ఆ హద్దులో ఉన్న ప్రతివాడి బాధ్యతా అక్కడి గురువుదే, వాడు గుడికొచ్చినా రాకపోయినా. బాప్తిస్మం ఇచ్చేది ఆ గురువు, పెద్దయినాక తల మీద చేతులుంచి కన్ఫర్మేషన్‌ ఇచ్చేది బిషప్పు. ఎపిస్కోపల్‌ అంటేనే బిషప్పులున్న చర్చి అని. ఆ గ్రీకు మాటకు పైనుంచి చూసుకునేవాడు అని అర్థం, తెలుగు బైబిల్లో అధ్యక్షుడు అని వేసినారు.

పారిష్‌ అన్న మాటను మాత్రం ఒక నిమిషం చేతిలో పట్టుకుని చూడాలి. అది గ్రీకు పరోయికియా నుంచి వచ్చింది. పక్కన కాపురముండడం అని దాని అర్థం. సొంత ఊరు కాని చోట, హక్కులు లేకుండా, నలుగురి పక్కన బతికేవాడు పరోయికోస్‌. మన మాటల్లో బాడుగకుండే పరదేశి. మొదటి క్రైస్తవులు తమ గుంపుకు పెట్టుకున్న పేరు అది. తర్వాత శతాబ్దాల్లో దానికి హద్దులొచ్చినాయి, రిజిస్టర్లొచ్చినాయి, ఫలానా కుటుంబం కూర్చునే బెంచీ అని వచ్చింది. పరదేశుల గుంపు అనే మాటే ఊరివాళ్ళ గుంపుకు పేరై, కొత్తగా వచ్చిన పరదేశిని ‘మీది ఏ పారిష్‌?’ అని అడిగే దాకా పోయింది. మాటలు ఇలా తిరగబడడం కొత్త కాదు గానీ, ఇంత పూర్తిగా తిరగబడిన మాట నేను ఇంకోటి చూడలేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్‌ జార్జి కెథీడ్రల్‌లో ఈ మూడు దారులూ కలిసి సి.ఎస్‌.ఐ. అయింది. ఆ రోజు కోసం ఏళ్ళ తరబడి పాటుపడిన అజరయ్య 1945 జనవరి 1నే కన్నుమూసినాడు. నంద్యాల దిక్కు ఆంగ్లికన్లలో చాలామంది అప్పుడు చేరలేదు, వాళ్ళు లోపలికి రావడానికి 1970ల దాకా పట్టింది. మనుషుల్నే కాదు, చర్చిలు చర్చిల్ని చేర్చుకోవడానికి కూడా టైము పడుతుంది. మా తుమకూరు జిల్లా ఇప్పుడు బెంగళూరు కేంద్రంగా ఉన్న కర్ణాటక సెంట్రల్‌ డయోసిస్‌ కింద ఉంది. కన్నడం, తమిళం, తెలుగు, ఇంగ్లీషు సంఘాలన్నీ ఆ ఒక్క గొడుగు కిందే. అవతల అనంతపురం దిక్కు రాయలసీమ డయోసిస్‌. రోడ్డు మీద ఒక రాయి దాటితే బిషప్పు మారతాడు. చేరు, సేరు కూడా దాదాపు ఆ రాయి దగ్గరే మారాలి, కానీ పావగడ దగ్గర ఆ రాయిని మాట ఖాతరు చేయలేదు.

అయ్యగారి బోర్డుకు నేను చేర్చుకొను క్రియతో ఏదో ఒకటి కట్టి పంపుదామనుకున్నాను. రోమీయులకు పౌలు రాసిన ఉత్తరంలో పదిహేనో అధ్యాయంలో ఈ క్రియే ఉంది, ఆయనకు కొత్త చెప్పక్కర్లేదు. ఫోన్‌లో చెప్పినాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, “అన్నా, మాట బాగుంది. కానీ మా గుళ్ళో ఆదివారం కూర్చునేవాళ్ళందరి పేర్లూ పుస్తకంలో ఉండవు. రాయమని అడగరు. నేనూ అడగను.”

కారణం ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన పని లేదు. 1950లో వచ్చిన షెడ్యూల్డ్‌ కులాల ఉత్తర్వు ప్రకారం ఆ హోదా ముందు హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు లేదు. రిజిస్టర్లో పేరెక్కితే బిడ్డ కులం సర్టిఫికెట్టు పోతుంది, సర్టిఫికెట్టుతో పాటు హాస్టలు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగంలో వాటా. అందుకని వస్తారు, చాప మీద కూర్చుంటారు, పాడతారు, కానుక వేస్తారు, పేరు ఇవ్వరు. చేరినారు. చేర్చలేదు. మరి చేర్చుకున్నారా? నా మూడు మెట్లలో మధ్య మెట్టు ఊడిపోయింది ఇక్కడ. మొదటి మెట్టు మీంచి మూడో మెట్టుకు ఎగరాల్సిందే, ఎగురుతున్నారు కూడా. చేరు, చేర్చు, చేర్చుకొను అని వరసగా పేర్చిన నా వ్యాకరణం అయ్యగారి గుడి వాకిట్లో కొంచెం తల దించుకుంది.

ఆరాధన మధ్యలో ఒక చిన్న పని ఉంటుంది, దాన్ని ఆయన గుళ్ళోనే దగ్గర్నుంచి చూసినాను. సి.ఎస్‌.ఐ. 1950లో ప్రభు భోజనానికి తయారు చేసుకున్న క్రమంలో సమాధానం ఇచ్చుకోవడం అని పెట్టినారు, కేరళ సిరియన్‌ క్రైస్తవుల దగ్గర్నుంచి తెచ్చుకున్న పద్ధతి. ఇచ్చేవాడు తన కుడి అరచేతిని అందుకునేవాడి కుడి అరచేతికి ఆనిస్తాడు, ఇద్దరి ఎడమ చేతులూ వచ్చి ఎదుటివాడి కుడి చేతిని మూస్తాయి. నాలుగు చేతులు, ఒక మూట. బలిపీఠం దగ్గర మొదలై వరస వరసకూ, చివరి చాప దాకా వస్తుంది. సమాధానం అంటే తెలుగువాడికి జవాబు. కన్నడంలో ఊరట, ఓదార్పు. మా పావగడ తెలుగులో కూడా ఏడ్చే బిడ్డను సమాధానం చేస్తాం. ఆ రోజు నా పక్కన కూర్చున్న ముసలాయన చేతులు చెనిక్కాయ పీకి పీకి గరుకెక్కినవి. ఆ నాలుగు చేతుల మూటలో నాకు జవాబు ఏమీ దొరకలేదు, ప్రశ్న కూడా ఎవరూ అడగలేదు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు.

ఎందుకు ఈ సంగతి ప్రత్యేకం చెబుతున్నానంటే, మా ఊళ్ళో కొత్తవాళ్ళను అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు కాబట్టి. తిరుమణి దిక్కు పదమూడు వేల ఎకరాల్లో సోలారు పార్కు వచ్చినాక పావగడకు కొత్త ముఖాలు ఎక్కువైనాయి. బాడుగ ఇళ్ళు గిరాకీ అయినాయి. రెండేళ్ళ కింద మా మేడ మీది గదికి ఒక నర్సమ్మ వచ్చింది, కోస్తా దిక్కు నుంచి. మా అమ్మ మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, బాడుగ చెప్పి, ఆఖర్న నెమ్మదిగా అడిగింది, “మీరేమిటోళ్ళమ్మా?” అని. నేను వినపడనట్టు పేపర్లో తల దూర్చినాను. ఆ అమ్మాయి, “చర్చికి పోతామండీ” అంది. ఆ జవాబులో ప్రశ్నకు కావాల్సినదంతా ఉంది. మా అమ్మ గది ఇచ్చింది. వంట గదిలోకి మాత్రం పిలవలేదు చాలా రోజులు. చేర్చినాం. కొను రాలేదు.

ఆ అమ్మాయి ఆదివారం పోయే చోటు మా వీధికి దూరం. చిన్న రేకుల షెడ్డు, లోపల జంఖానాలు, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. మొదటిసారి పోయి వచ్చిన రోజు ఏమన్నారని అడిగితే నవ్వింది. “ఏమీ అనలేదండీ. ఒక అవ్వ ‘జరగండ్రీ’ అని అందర్నీ జరిపి నన్ను కూర్చోబెట్టింది” అంది. జరుగు అంటే సంభవించడం, జరుగు అంటే పక్కకు కదలడం, కన్నడంలోనూ రెండర్థాలే. జంఖానా మీద నలుగురు నాలుగు అంగుళాలు కదిలితే ఒక మనిషికి చోటు జరుగుతుంది. ఈ మాటను అయ్యగారికి బోర్డు కోసం చెప్పాలనుకున్నాను గానీ, జరగండి అని వాకిట్లో రాస్తే వచ్చినవాళ్ళే పక్కకు తప్పుకుంటారు.

మొన్న వానాకాలం ఆ నర్సమ్మ రెండు ఆదివారాలు పోలేదు, నైట్‌ డ్యూటీలు పడి పగలంతా నిద్ర. రెండో సోమవారం సాయంత్రం మా వాకిట్లో ఒక అవ్వ నిలబడింది. చంకలో గుడ్డసంచి, అందులో పచ్చి చెనిక్కాయలు, తీగెల మట్టి ఇంకా ఆరలేదు. “మేడమీద నర్సమ్మ ఉండాదా అయ్యా?” అని నన్ను అడిగింది. ఉందన్నాను. మెట్ల కింద చెప్పులు విడిచి, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ, తలుపు రాకముందే పైకి కేకేసింది.

“ఏమ్మా, జరమా? రెండు వారాలాయె, నీ చోటు అట్లనే ఉండాది.”

మా అమ్మ వంట గదిలోంచి తొంగి చూసి, ఆ అవ్వకు మంచినీళ్ళు పోసుకు రావడానికి చెంబు వెతుకుతోంది.